ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం

(ప్రసంగ పాఠం. విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం పాఠకుల సమావేశంలో మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసి, మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. చెప్పిందే మళ్ళీ చెప్పిన రెండు మూడు చోట్ల మాత్రం కత్తిరించాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు "ఓడల గురించి ఏదైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను మాస్టార్ని కాను. ముప్ఫై నాలుగేళ్ళు ఓడల రిపేరులో పని చేశాను, ఇంజన్ రూములో గ్రీజు పూసుకున్న చేతులివి. రిటైరయ్యాక ఏం తోచక చదవడం మొదలుపెట్టాను, అదిప్పుడు పిచ్చిలా పట్టుకుంది. ఈ మధ్య ఎక్కువగా చదివింది బ్రిటన్ వాళ్ళ రెండు పెద్ద విమానవాహక నౌకల గురించి. ఒకప్పుడు భూమ్మీద నాలుగో వంతు ఏలిన దేశం, ఇప్పుడు ఏలడానికి నాలుగు చిన్న దీవులు తప్ప ఏమీ మిగలని దేశం, దానికి ఇంకా ఇంతంత ఓడలు కావాలా అని అక్కడివాళ్ళే కొట్టుకుంటున్నారు. వాళ్ళ గొడవ మనకెందుకు అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి, మన హార్బరు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

1942 ఏప్రిల్ 6, సోమవారం. విశాఖ మీద బాంబులు పడిన రోజు. మా అమ్మమ్మకి అప్పటికి పంతొమ్మిదేళ్ళు, చంకలో మా పెద్ద మామయ్య. వీధి అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోందట. హార్బరు వైపు ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. చాట అక్కడే పడేసి పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. మర్నాడు తెల్లారకముందే ఎడ్లబండి కట్టించుకుని చోడవరం వెళ్ళిపోయారు. ఎంతోమంది అలాగే ఊరు వదిలిపోయారు. యుద్ధం గురించి ఏం అడిగినా మా అమ్మమ్మకి ఆ చాటే గుర్తొచ్చేది, మానెడు బియ్యం కాకుల పాలయ్యాయని పోయేదాకా చెప్పింది. (నవ్వులు)

ఆ విమానాలు ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచి వచ్చాయి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు వాళ్ళ అసలు దండు కొలంబో మీద పడింది. 9వ తేదీన బట్టికలోవా దగ్గర హెర్మీస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకని ముంచేశారు. మునిగేటప్పుడు ఆ హెర్మీస్ మీద ఎన్ని విమానాలున్నాయో తెలుసా? ఒక్కటీ లేదు. అన్నీ ఒడ్డున ఉండిపోయాయి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

దానికి నాలుగు నెలల ముందు, 1941 డిసెంబర్ 10న, మలయా దగ్గర ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధనౌకలు జపాన్ విమానాల దెబ్బకి ఒకే పూట మునిగిపోయాయి. 840 మంది పోయారు. వాటికి తోడు పంపాలనుకున్న విమానవాహక నౌక ఇండామిటబుల్ జమైకా దగ్గర నేల తట్టి రిపేరుకి పోయింది. అంటే బ్రిటన్‌కి రెండు రకాల దెబ్బలూ తెలుసు, విమానవాహక నౌక లేక తిన్న దెబ్బ ఒకటి, దాని మీద విమానాలు లేక తిన్న దెబ్బ ఒకటి. మొదటిది మాత్రం బాగా గుర్తుంది వాళ్ళకి. ఎంత గుర్తంటే ఇప్పుడున్న రెండో నౌకకి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే పేరు పెట్టి, 2019లో అదే డిసెంబర్ 10న నేవీలో చేర్చుకున్నారు.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. ఈ ఓడల విద్య చాలావరకు వాళ్ళు కనిపెట్టిందే. పైనంతా బల్లపరుపుగా ఉన్న మొదటి నౌక, 1918 నాటి ఆర్గస్, వాళ్ళది. ఏటవాలు డెక్కు, ఆవిరితో విమానాన్ని విసిరే క్యాటపుల్ట్, దిగేవాడికి దారి చూపే అద్దం, చివర్లో పైకి లేచిన ర్యాంపు, అన్నీ అక్కడ పుట్టినవే. ఇవాళ అమెరికావాడు మురిసిపోయే వాటిలో సగం సరుకు వీళ్ళ దగ్గర్నుంచి పోయిందే. మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అంటాం కదా, వీళ్ళ తాతలు నిజంగానే తాగారు. చిక్కంతా అక్కడే ఉంది.

1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ దగ్గరికి విమానవాహక నౌకల్ని తీసుకెళ్ళి యుద్ధం చేశారు. యుద్ధం అనుకున్నట్టే సాగింది, కానీ అమెరికా పౌండు మెడ మీద చెయ్యి వేసేసరికి తోక ముడుచుకుని వెనక్కొచ్చారు. డెక్కు మీద ఎన్ని విమానాలున్నా బ్యాంకులో డబ్బు లేకపోతే ఏం చేస్తావు?

1966కి వచ్చేసరికి లేబర్ ప్రభుత్వం, రక్షణ మంత్రి డెనిస్ హీలీ. కొత్తగా కట్టాలనుకున్న పెద్ద నౌక ఒకటుంది, కాగితాల మీద దాని పేరు సీవీఏ-01. హీలీ దాన్ని కొట్టేశాడు. వైమానిక దళంవాళ్ళు చెప్పిన వాదన ఏమిటంటే, దీవుల మీద స్థావరాలు పెట్టుకుని అమెరికా నుంచి ఎఫ్-111 విమానాలు కొనుక్కుంటే చాలు, ఎక్కడికైనా అందుకుంటాం, ఓడలు దండగ. ఇక్కడో పిట్టకథ ఉంది, నిజమో అబద్ధమో గానీ నేవీవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. దూరాలు సరిపోవడానికి వైమానిక దళంవాళ్ళు మ్యాపులో ఆస్ట్రేలియాని ఐదొందల మైళ్ళు పక్కకి జరిపారట. (నవ్వులు) నేవీ మంత్రి క్రిస్టఫర్ మేహ్యూ, నేవీ పెద్ద డేవిడ్ లూస్, ఇద్దరూ రాజీనామా చేసి పోయారు. రెండేళ్ళు తిరక్కుండా ఆ ఎఫ్-111లు కూడా రద్దు. సూయజ్‌కి తూర్పున ఇక ఉండం, 1971కల్లా వచ్చేస్తాం అని ప్రకటించారు. ఇటు ఓడా పోయె, అటు విమానమూ పోయె.

అయినా హీలీ చేసింది తప్పని నేననను. సామ్రాజ్యం పోయాక సామ్రాజ్యం నాటి సామాను ఎందుకని అడిగిన మొదటి మనిషి ఆయన. అడగాల్సిన ప్రశ్నే.

1982 వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. వాళ్ళ దగ్గర మిగిలినవి హెర్మీస్ అనే పాత నౌక ఒకటి (ఇది 42లో మునిగిన హెర్మీస్ కాదు, అదే పేరుతో తర్వాత కట్టింది), ఇన్విన్సిబుల్ అనే కొత్త చిన్నది ఒకటి. ఆ ఫిబ్రవరిలోనే ఇన్విన్సిబుల్‌ని ఆస్ట్రేలియాకి 17.5 కోట్ల పౌండ్లకి బేరం పెట్టేశారు. ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. ఇంగ్లండుకీ వాటికీ మధ్య 8,000 మైళ్ళ సముద్రం. మూడు రోజుల్లో ఆ రెండు నౌకలూ పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరాయి. అమ్మకం తర్వాత మానుకున్నారనుకోండి.

ఓడ లేకుండా ఆ పని చేయాలంటే ఎంత కష్టమో వైమానిక దళమే చూపించింది. అట్లాంటిక్ మధ్యలో అసెన్షన్ దీవి నుంచి వల్కన్ బాంబర్ పంపారు. ఒక్క బాంబర్ అక్కడికి చేరడానికి పదకొండు విక్టర్ ట్యాంకర్లు గాల్లో లేవాలి. ట్యాంకరు బాంబరుకి ఆయిల్ పోయాలి, ఆ ట్యాంకరుకి ఇంకో ట్యాంకరు పోయాలి, దానికి ఇంకోటి. పెళ్ళికొడుకు ఒక్కడు, మోసేవాళ్ళు పదకొండు మంది. అంతా అయ్యాక 21 బాంబులు వేస్తే రన్‌వే మీద పడింది ఒకటి. అదే సమయంలో ఆ రెండు ఓడల మీద ఉన్న సీ హారియర్ యుద్ధవిమానాలు ఇరవైకి పైగా అర్జెంటీనా విమానాల్ని కూల్చాయి, గాల్లో జరిగిన పోరులో ఒక్కటి కూడా పోగొట్టుకోకుండా. కానీ దూరం నుంచి వచ్చే శత్రువుని ముందే పసిగట్టే రాడార్ విమానాలు పాత పెద్ద నౌకలతో పాటే పోయాయి. అందుకే షెఫీల్డ్ అనే వాళ్ళ యుద్ధనౌక మీద ఎక్జోసెట్ క్షిపణి వచ్చి తగిలేదాకా తెలియలేదు.

ఇంకో తమాషా. అటువైపు అర్జెంటీనాకీ ఒక విమానవాహక నౌక ఉంది, బెయింటీసింకో దె మాయో. అదెక్కడిదో తెలుసా? బ్రిటన్‌లోనే వెనరబుల్ అనే పేరుతో కట్టారు. 1948లో డచ్చివాళ్ళకి అమ్మారు. డచ్చివాళ్ళు కారెల్ దూర్మన్ అని పేరు మార్చుకుని, 1960లో ఇండోనేషియాని బెదిరించడానికి న్యూగినీ దాకా తిప్పుకొచ్చారు, అది తూర్పున వాళ్ళ సామ్రాజ్యంలో మిగిలిన చివరి ముక్క. అదీ పోయింది. 68లో బాయిలర్ రూములో మంటలు రేగాక ఆ ఓడని అర్జెంటీనాకి అమ్మేసి, డచ్చివాళ్ళు ఇక ఆ జోలికి పోలేదు. పోనందుకు వాళ్ళ బతుకేం చెడలేదు, రోటర్‌డామ్ రేవు చూడండి ఎలా ఉందో. 82 మే మొదట్లో ఆ ఓడ మీంచి విమానాలు లేచి బ్రిటిష్ దండు మీద పడాల్సింది, సరిపడా గాలి లేక లేవలేకపోయాయి. గాలి వీచి ఉంటే బ్రిటన్ కట్టిన ఓడే బ్రిటన్ కొంప ముంచేది.

ఇక ఫాక్‌లాండ్స్ తర్వాత ఎవడైనా విమానవాహక నౌక వద్దంటే చాలు, "82 మర్చిపోయావా" అని నోరు మూయించడం అలవాటైపోయింది. ఇంట్లో ముసలాయన ఒకసారి గొడుగు లేక తడిసి జ్వరం తెచ్చుకున్నాడనుకోండి, ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎండాకాలంలో కూడా గొడుగు చంకలో పెట్టుకు తిరుగుతాడు. నలభై ఏళ్ళ నుంచీ ఆ వాన మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కొత్త వాటి దగ్గరికొస్తాను. క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్. ఒక్కోటి 65,000 టన్నులు, 280 మీటర్లు. బీచిలో మన కుర్సురా సబ్‌మెరైన్ ఉంది చూశారూ, అలాంటివి మూడు వరసగా పెట్టినా డెక్కు మీద ఇంకా చోటు మిగులుతుంది. 2008లో ఒప్పందం రాసుకున్నప్పుడు రెండిటికీ 390 కోట్ల పౌండ్లు అన్నారు, అయ్యేసరికి 620 కోట్లు దాటింది. ముక్కలు ముక్కలుగా ఆరు యార్డుల్లో కట్టి స్కాట్లండ్‌లోని రోసైత్‌లో అతికించారు. ఆ రోసైత్ అప్పటి ప్రధాని గోర్డన్ బ్రౌన్ నియోజకవర్గానికి పక్కనే. మనవాళ్ళకి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. (నవ్వులు)

2010లో కామెరాన్ ప్రధానిగా వచ్చాడు, ఖజానా ఖాళీ. ఓడలు రద్దు చేద్దామంటే, కట్టడం కంటే రద్దుకే ఎక్కువ ఖర్చయ్యేలా ఒప్పందాలు రాసిపెట్టారని పార్లమెంటులోనే చెప్పాడు. సరే, ఓడలు కడదాం, మిగతాది కోద్దాం అన్నారు. ఉన్న పాత నౌక ఆర్క్ రాయల్‌ని తీసేశారు, హారియర్లన్నీ తీసేశారు. 72 హారియర్లని అమెరికా మెరీన్లకి 11.6 కోట్ల పౌండ్లకి ఇచ్చేశారు, విడిభాగాలకి పనికొస్తాయని వాళ్ళు తీసుకున్నారు. ఇది జరిగిన కొన్ని నెలలకే 2011లో లిబియా యుద్ధం. ఫ్రాన్స్‌వాడు చార్ల్స్ దె గాల్‌తో తీరం దగ్గరే నిలబడి పని కానిచ్చాడు, వీళ్ళు ఇటలీలోని ఎయిర్‌బేస్ నుంచి ఎగిరారు. పనైతే అయింది. విమానవాహక నౌక లేకుండానే అయింది కదా అని ఒకరు, ఉంటే ఎంత సుళువయ్యేదో అని ఇంకొకరు, అదే యుద్ధాన్ని ఇద్దరూ సాక్ష్యానికి పిలిచారు.

ఇంకో విడ్డూరం. ఓడ కట్టడం మొదలయ్యాక, 2010లోనే, క్యాటపుల్ట్ పెట్టి అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35లో వేరే రకం కొందామని ప్లాన్ మార్చారు. 2012లో లెక్క వేసుకుని అమ్మో అని మళ్ళీ ర్యాంపు మీంచి లేచే రకం కొనే పాత ప్లాన్‌కే వచ్చారు. ఆ ఊగిసలాటకి 7.4 కోట్ల పౌండ్లు గాల్లో కలిసాయని వాళ్ళ ఆడిట్ ఆఫీసే తేల్చింది. క్యాటపుల్ట్ లేదు కాబట్టి బరువైన రాడార్ విమానాలు లేవలేవు, గాల్లో ఆయిల్ పోసే ట్యాంకర్లు లేవలేవు. రాడార్‌ని హెలికాప్టర్‌కి కట్టి తిప్పుతున్నారు.

విమానాల సంగతి. మొదట వేసుకున్న లెక్క 138. 2025 నడిమి నాటికి చేతికొచ్చినవి నలభై లోపే. 2021లో క్వీన్ ఎలిజబెత్ పసిఫిక్ దాకా తొలి పెద్ద యాత్ర చేసింది, దాని మీద ఉన్న ఎఫ్-35ల్లో బ్రిటన్‌వి ఎనిమిది, అమెరికా మెరీన్లవి పది. సొంత ఇంట్లో అద్దెకున్నవాళ్ళే ఎక్కువ. ఆ ఎనిమిదిలో ఒకటి మధ్యధరాలో మునిగింది. ఎలాగంటే, ఇంజన్‌లోకి గాలి పోయే దారికి ఎర్రటి మూత ఒకటి పెడతారు, చెత్త పడకుండా. ఆ మూత తీయడం మర్చిపోయారు. విమానం ర్యాంపు చివరిదాకా పోయి జోరు అందక ముందుకి తూలి నీళ్ళలో పడింది. పైలట్ బతికి బయటపడ్డాడు, అది చాలు. పది కోట్ల పౌండ్ల విమానం, గుడ్డ సంచీ లాంటి మూత. నేను దీన్ని చూసి నవ్వను, మా వర్క్‌షాపులో వాల్వు లోపల మర్చిపోయిన స్పానర్లు నేనే నాలుగు తీశాను.

నాకు బాగా తెలిసింది షాఫ్టు. 2022 ఆగస్టులో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆర్భాటంగా అమెరికా బయల్దేరింది. పోర్ట్స్‌మత్ దాటి వైట్ దీవి దగ్గరే ఆగిపోయింది. మన హార్బరులో లంగరెత్తి భీమిలి దాటకుండా ఆగిపోయినట్టు. కుడివైపు షాఫ్టు కప్లింగ్ పోయింది. షాఫ్టంటే ఇంజన్ నుంచో మోటారు నుంచో ప్రొపెల్లర్ దాకా పోయే ఇనుప దూలం, అది ముక్కలుగా ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య కప్లింగ్. ఆ ముక్కలన్నీ ఒకే గీతలో ఉండాలి. మేం ఎలైన్‌మెంట్ తెల్లవారుజామున చూసేవాళ్ళం, ఎందుకంటే ఎండెక్కితే డెక్కు సాగి ఓడ ఒళ్ళు వంగుతుంది. డ్రైడాక్‌లో చూస్తే చాలదు, నీళ్ళలోకి దించాక మళ్ళీ చూడాలి. ఫీలర్ గేజ్, డయల్ గేజ్ పట్టుకుని వెంట్రుక మందం కోసం కళ్ళు కాయలు కాసేలా కూర్చోవాలి. ఒకసారి సర్వే తేదీ ముంచుకొస్తోందని మిట్టమధ్యాహ్నం చూసి బోల్టులు బిగించేశాం. ట్రయల్‌కి వెళ్ళిన ఓడ సాయంత్రానికి వెనక్కొచ్చింది, బేరింగు ముట్టుకుంటే చెయ్యి కాలింది. మళ్ళీ విప్పి పెట్టడానికి పదకొండు రోజులు. మాది చిన్న టగ్గు కాబట్టి పేపర్లో పడలేదు. వాళ్ళది లోకమంతా చూసింది. 2024 ఫిబ్రవరిలో నాటో విన్యాసాలకి బయల్దేరే ముందురోజు క్వీన్ ఎలిజబెత్‌కి కూడా కుడి షాఫ్టు కప్లింగే. దాని బదులు ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ని హడావిడిగా పంపారు. రెండు ఉండబట్టి పరువు దక్కింది.

ఇక కిందటేడు, అంటే 2025, తిరువనంతపురం భాగోతం మీ అందరికీ తెలుసు. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మన సముద్రంలోకి వచ్చింది. జూన్ 14 రాత్రి దాని ఎఫ్-35 ఒకటి వాతావరణం బాగాలేక, ఆయిల్ తగ్గి తిరువనంతపురంలో దిగింది. దిగాక హైడ్రాలిక్స్ పాడయ్యాయని తేలింది. లోకంలోకెల్లా ఖరీదైన యుద్ధవిమానాల్లో ఒకటి, కేరళ వానలో తడుస్తూ, పక్కన మన సీఐఎస్ఎఫ్ జవాను కాపలా. కేరళ టూరిజంవాళ్ళు దాని బొమ్మ వేసి, ఇంత మంచి చోటు వదిలి వెళ్ళబుద్ధి కావట్లేదు అని ఆ విమానమే అన్నట్టు పోస్టు పెట్టారు. బ్రిటన్ నుంచి ఇంజనీర్లు దిగి, హ్యాంగర్‌లోకి లాగి, బాగుచేసి జూలై 22న తీసుకుపోయారు. పార్కింగ్ ఫీజు ఎంతయిందో నాకు తెలియదు. (నవ్వులు) నవ్వు పక్కన పెడితే, అది సరిగ్గా జరగాల్సినట్టే జరిగింది. ఆపదొస్తే దగ్గరున్న రన్‌వే మీద దిగాలి, దిగాడు. నేను గమనించింది ఇంకొకటి. ఇక్కడ ఇంకొకరి ఇల్లు ఉండబట్టి వాళ్ళ ఓడ ఇంత దూరం రాగలిగింది.

ఆ యాత్రకి తోడొచ్చిన ఓడలు చూడండి. బ్రిటన్ సొంతవి డాంట్‌లెస్, రిచ్‌మండ్, ఒక సబ్‌మెరైన్, ఒక ఆయిల్ ఓడ. మిగతావి కెనడాది, స్పెయిన్‌ది, నార్వేవి. తిండీ మందుగుండూ విడిభాగాలూ మోసిన ఓడ మాడ్, అది కూడా నార్వేదే, ఎందుకంటే బ్రిటన్‌కి ఆ పని చేసే ఓడ ఉన్నది ఒక్కటే, దాన్ని నడపడానికి మనుషులు చాలక రేవులో కట్టేశారు. 82లో వాళ్ళకి డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు కలిపి యాభైకి పైన ఉండేవి. 2025లో 14. అందులోనూ సగం ఎప్పుడూ రిపేరులోనే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటే ఇదే. ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడితే ఏమవుతుంది?

ఇప్పుడు నా మాట సూటిగా చెప్తాను. బ్రిటన్‌కి విమానవాహక నౌక కావాలా అంటే, దేనికోసం అని అడుగుతాను. 2024 జనవరిలో యెమెన్‌లో హౌతీల మీద దాడి చేసినప్పుడు బ్రిటన్ టైఫూన్ యుద్ధవిమానాలు సైప్రస్ నుంచి రానూ పోనూ దాదాపు ఐదు వేల కిలోమీటర్లు ఎగిరాయి. గాల్లో ఆయిల్ పోయించుకుంటూ వెళ్ళి బాంబులు వేసి వచ్చాయి. రెండు పెద్ద నౌకలూ ఇంటి దగ్గరే ఉన్నాయి. సరిగ్గా ఇలాంటి పని కోసమే కదా అవి కట్టింది? మరి అప్పుడు వెళ్ళనిది, దక్షిణ చైనా సముద్రం దాకా జెండా పట్టుకుని వెళ్ళడం దేనికి? చైనా దగ్గర ఓడల్ని కొట్టడానికే చేసిన డీఎఫ్-21డి క్షిపణి ఉంది, 1,500 కిలోమీటర్లు పోతుంది. ఈ నౌకల మీది ఎఫ్-35బి ఒకసారి ఆయిల్ నింపుకుంటే వెళ్ళి రాగలిగే దూరం ఎనిమిది వందల చిల్లర. లెక్క చిన్నపిల్లాడైనా వేస్తాడు. నల్లసముద్రంలో పెద్ద నేవీ లేని ఉక్రెయిన్ ఒడ్డు మీంచి రెండు క్షిపణులేసి రష్యా యుద్ధనౌక మాస్క్వాని ముంచింది.

అయితే ఓడల కాలం అయిపోయిందని కూడా నేననను. ఉత్తర అట్లాంటిక్‌లో రష్యా సబ్‌మెరైన్ల సంగతి వేరు. స్కాట్లండ్‌కీ ఐస్‌లాండ్‌కీ నార్వేకీ మధ్య ఆ చల్లటి నీళ్ళలో, సబ్‌మెరైన్లని వేటాడే మెర్లిన్ హెలికాప్టర్లు నింపుకున్న ఒక పెద్ద డెక్కు నిజంగా పనికొస్తుంది. ఒడ్డున రన్‌వేలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, అవెక్కడున్నాయో రష్యావాడి దగ్గర ఇరవై ఏళ్ళ నాటి నుంచీ రాసిపెట్టి ఉంది. ఓడ రోజూ చోటు మారుతుంది. పైగా అక్కడ పక్కింటివాళ్ళంతా నాటోవాళ్ళే, తోడు ఓడలు దొరుకుతాయి. అది తన పెరడు. పెరడు కాచుకోవడానికి కావాలంటే ఉంచుకో, నింపి ఉంచుకో. లోకం చుట్టూ ఊరేగింపుకైతే ఆ డబ్బుతో ఫ్రిగేట్లు కట్టుకోమంటాను, నావికుల జీతాలు పెంచమంటాను. 42లో మునిగిన హెర్మీస్ గుర్తుపెట్టుకోమన్నాను కదా. అది ఎంత బాగా కట్టిన ఓడైనా ఆ రోజు పనికిరాలేదు. పైన విమానాలు లేవు.

సరే, నేను చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒకావిడ: మరి రెండిట్లో ఒకటి అమ్మేస్తే సరిపోతుంది కదండీ?)

అమ్మొచ్చమ్మా, కొనేవాడెవడు? ఇంకో చిక్కుంది. ఒక్కటే ఉంటే, అది రిపేరులో ఉన్నన్నాళ్ళూ నీకు లేనట్టే. ఫ్రాన్స్‌కి ఉన్నది చార్ల్స్ దె గాల్ ఒక్కటే. 2017, 18ల్లో రిపేరుకి పడుకున్నప్పుడు ఏడాదిన్నర పాటు వాళ్ళకి విమానవాహక నౌకే లేదు. వాళ్ళు మాత్రం వదలట్లేదు, ఇంకా పెద్దది, అణుశక్తితో నడిచేది, 2038 నాటికి కావాలంటున్నారు. కాబట్టి ఒకటి పనిలో, ఒకటి రిపేరులో, అదీ పద్ధతి. అంతేగాని రెండూ కలిపి లోకాన్ని ఏలేద్దామనుకుంటేనే తంటా.

(ఇంకొకాయన: ఇదంతా బాగానే ఉంది మాస్టారూ, మరి మనకెందుకు రెండు? మూడోది కూడా అంటున్నారు?)

ఇది అడుగుతారని తెలుసు. (నవ్వులు) మనకి పోయిన సామ్రాజ్యం లేదు, ఎదురుగా సముద్రం ఉంది. 71లో మొదటి విక్రాంత్ బంగాళాఖాతంలో ఏం చేసిందో, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ ఇక్కడే మన రేవు ముందర ఎలా మునిగిందో ఈ ఊరివాళ్ళకి నేను చెప్పేదేముంది. కానీ మనం కూడా చూసుకోవాలి. కొత్త విక్రాంత్ 2022లో వచ్చింది, 20,000 కోట్లు, మనం కట్టుకున్నదే, సంతోషం. దానికి విమానాలో? మన ఇంకో నౌక విక్రమాదిత్య కోసం కొన్న మిగ్-29కేలనే దీనికీ సర్దుతున్నాం. 26 రఫేల్‌లకి సంతకం పెట్టింది 2025 ఏప్రిల్‌లో. అంటే మనమూ ముందు ఏనుగునే కొన్నాం. మూడోది కావాలనేవాళ్ళు సబ్‌మెరైన్లు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టుకుని అడిగితే బాగుంటుంది. పిండి కొద్దీ రొట్టె.

(ఒక కుర్రాడు: సర్, ఫాక్‌లాండ్స్‌కి వెళ్ళిన హెర్మీస్ ఏమైంది?)

భలే అడిగావు బాబూ. దాన్ని మనమే కొన్నాం, 1987లో విరాట్ అని పేరు పెట్టుకున్నాం. 2016లో ఇక్కడ ఫ్లీట్ రివ్యూ జరిగినప్పుడు వచ్చింది, బీచిలో జనంలో నిలబడి నేనూ చూశాను, దూరంగా ముందు ర్యాంపు పైకి లేచి. మరుసటేడు రిటైర్ చేశారు. మన రాష్ట్రంవాళ్ళు తెచ్చి ఇక్కడ మ్యూజియం చేస్తామన్నారు, లెక్క వేస్తే వందల కోట్లు, కుదరలేదు. 2020లో ముప్ఫై ఎనిమిది కోట్ల చిల్లరకి గుజరాత్‌లో అలంగ్ ఒడ్డుకి పోయింది, ముక్కలు చేసేశారు. మొదటి విక్రాంత్‌దీ అదే గతి. అది కూడా బ్రిటన్ వాళ్ళు హెర్క్యులీస్ అని మొదలుపెట్టి, యుద్ధం అయిపోయాక సగంలో ఆపేస్తే మనం కొనుక్కున్న ఓడే. దాన్ని కోసిన ఇనుములో కొంత బజాజ్‌వాళ్ళు తీసుకుని వి15 అని మోటారుసైకిల్ చేశారు, గుర్తుందా?

(వెనకనుంచి ఒకాయన: నాది అదే బండి మాస్టారూ, బయటే ఉంది.)

నిజమా! మైలేజీ ఎంతిస్తోందండీ?

(నవ్వులు)